పొయ్యి దగ్గర కాపలా లేని వంట

మా ఊరి గుడిలో ఆదివారం ఉదయం రెండు గంటలు కొడతారు. మొదటి గంట తొమ్మిదింటికి, రెండో గంట పదింటికి. రెండో గంటతో ఆరాధన మొదలవుతుంది. మగవాళ్ళు, పిల్లలు, ముసలివాళ్ళు అప్పటికే వచ్చి కూర్చుని ఉంటారు. ఇళ్ళలోని తల్లులు మాత్రం రెండో పాట సగంలో ఉండగా ఒక్కొక్కరే తడి చేతులు కొంగుకు తుడుచుకుంటూ వచ్చి, గుమ్మం పక్కన వెనక వరుసలో కూర్చుంటారు. వాక్యం ముగింపుకు రాగానే మళ్ళీ వాళ్ళే ముందు లేస్తారు. ఇంట్లో కూర సగం ఉడికి ఉంటుంది. పక్కింటి పెద్దమ్మకు అప్పజెప్పి వచ్చిన పొయ్యి గుర్తుకొస్తుంది. చాలామందికి ఆశీర్వాద ప్రార్థన వీధిలో నడుస్తుండగానే వినిపిస్తుంది.

ఈ సంగతి రాస్తున్నది మేమిద్దరం, భార్యాభర్తలం. మా యింట్లోనూ చాలా ఏళ్ళు ఇదే వరస. ఆదివారం మధ్యాహ్నం భోజనాల దగ్గర పిల్లలు ఒక్కొక్కరు ఆ రోజు వాక్యంలో విన్న మాట ఒకటి చెప్పాలని మాకొక అలవాటు ఉండేది. ఒకసారి మా చిన్నవాడు, "అమ్మా, అందరం చెప్పాం. ఇవాళ నువ్వు చెప్పు" అన్నాడు. వాళ్ళమ్మ చేతిలో గరిటె అలాగే ఆగిపోయింది. "నాకు ముక్క ఉడికిందో లేదో అన్న మాటొక్కటే గుర్తుందిరా" అంది. పిల్లలు నవ్వారు. మేమూ నవ్వాం. ఆ రాత్రి పడుకున్నాక మాత్రం మా ఇద్దరికీ నవ్వు రాలేదు. లెక్క వేసుకుంటే, పెళ్ళయిన నాటినుండి ఆమె ఒక్క ఆరాధనకైనా మొదటి పాటనుండి ఆశీర్వాదం వరకు కూర్చున్నట్టు గుర్తు లేదు.

లూకా సువార్త పదో అధ్యాయంలోని మార్త సంగతి మనకందరికీ తెలుసు. ఆమెను తప్పుపట్టే ప్రసంగాలు ఎన్నో విన్నాం. కాని ఆ యింటికి వచ్చినవారికి ఎవరో ఒకరు అన్నం పెట్టాలి కదా! వంట మానేయమని చెప్పడం తేలిక. ఆ వంట ఎవరు, ఎప్పుడు, ఎలా చేయాలన్నది ఆలోచించేవారు తక్కువ. మేము ఆలోచించగా ఒక సంగతి తెలిసింది. వంటలో మనిషి చేతిపని నిజానికి గంట, గంటన్నర. మిగతాదంతా కాపలా. మంట తగ్గించడం, ఎగదోయడం, అడుగంటకుండా కలపడం, నీళ్ళు ఇగిరిపోకుండా చూడడం. ఈ కాపలా లేకుండా ఉడికే వంట ఏదైనా ఉంటే ఆ తల్లికి ఆదివారం తిరిగి దొరుకుతుంది. పనిరోజుల్లో పొలానికో, బడికో, ఆఫీసుకో వెళ్ళే తల్లికి మధ్యాహ్నం ఊపిరి తిరుగుతుంది.

అలాంటి వంట ఉంది. కొత్తదీ కాదు.

మన దాలి

మా అమ్మమ్మగారి పెరట్లో దాలి ఉండేది. నేలలో చిన్న గుంట, దానిలో పిడకలు. పొద్దున్నే పిడకలు రాజేసి, మంట పోయి నిప్పు కణకణలాడుతుండగా పాలకుండ దానిమీద పెట్టి మూత వేసేవారు. ఆ తర్వాత ఎవరి పనుల్లోకి వాళ్ళు వెళ్ళిపోయేవారు. సాయంత్రానికి పాలు పొంగకుండా, అడుగంటకుండా కాగి, పైన ఎర్రటి మీగడ మందంగా కట్టేది. ఆ పాల రుచి తెలిసినవాళ్ళు ఇప్పటికీ దాన్ని తలుచుకుంటారు. ఉలవలు కూడా అంతే. పెద్ద కుండలో సన్నని సెగ మీద గంటలకొద్దీ ఉడికేవి. గుగ్గిళ్ళు ఎడ్లకు, ఆ నీళ్ళు చారుకు. హైదరాబాదులో రంజాను నెలలో చేసే హలీమ్‌ను కూడా మట్టి భట్టీల మీద గంటల తరబడి ఉడికిస్తారు. ఆ హలీమ్‌కు 2010లో భౌగోళిక గుర్తింపు దక్కింది.

కలకత్తాలో ఇందుమాధవ మల్లిక్ అనే వైద్యుడు 1910 ప్రాంతంలో ఇక్మిక్ కుక్కరు అనే పాత్రను తయారుచేశారు. పొడుగాటి డబ్బాలో అడుగున బొగ్గుల నిప్పు, పైన క్యారియరు గిన్నెల్లా ఒకదానిమీద ఒకటి అన్నం, పప్పు, కూర. నిప్పు పెట్టి మూత బిగించి పనికి వెళ్ళిపోతే, తిరిగివచ్చే వేళకు ఆవిరిమీద అన్నీ ఉడికి ఉండేవి.

విశ్రాంతి దినపు కుండ

ఇప్పుడు బజారులో 'స్లో కుక్కర్' అని దొరికే కరెంటు కుండ పుట్టుక కూడా ఒక ఆరాధన దినంతో ముడిపడి ఉందని తెలిసి మేము ఆశ్చర్యపోయాం. విశ్రాంతి దినాన ఇళ్ళలో నిప్పు రాజేయకూడదని నిర్గమకాండము 35వ అధ్యాయంలో ఉన్న ఆజ్ఞ మనకు తెలిసిందే. యూదులకు విశ్రాంతి దినం శుక్రవారం సూర్యాస్తమయంతో మొదలవుతుంది. మరి శనివారం మధ్యాహ్నం వేడి అన్నం తినేదెలా? తూర్పు ఐరోపాలోని యూదు తల్లులు దీనికొక దారి కనిపెట్టారు. శుక్రవారం పొద్దుగూకక ముందే మాంసం, చిక్కుడు గింజలు, బార్లీ, బంగాళాదుంపలు కుండలో వేసి, ఊళ్ళోని రొట్టెల బట్టీలో పెట్టి వచ్చేవారు. బట్టీ ఆరిపోతున్నా దాని గోడల వేడి రాత్రంతా నిలిచేది. మరునాడు సమాజమందిరంనుండి వస్తూ కుండ ఇంటికి తెచ్చుకునేవారు. ఆ వంటకం పేరు చోలెంట్.

లిథువేనియానుండి అమెరికాకు వలసవెళ్ళిన ఒక తల్లి తన చిన్ననాటి ఈ కుండ సంగతి కొడుక్కు చెప్పింది. అతని పేరు ఇర్వింగ్ నాక్సన్, వృత్తి ఇంజనీరు. ఆ మాట మనసులో పెట్టుకుని అతను చుట్టూ కరెంటు తీగతో వేడెక్కే కుండను తయారుచేశాడు. 1940లో దానికి పేటెంటు వచ్చింది. 1970లో రైవల్ అనే కంపెనీ అతని వ్యాపారాన్ని కొని, మరుసటి సంవత్సరం, అంటే 1971లో, అదే కుండను 'క్రాక్‌పాట్' పేరుతో అమ్మకానికి పెట్టింది. ఉద్యోగాలకు వెళ్ళే అమెరికా ఇల్లాళ్ళు దాన్ని బాగా కొన్నారు. ఒక అమ్మ చెప్పిన మాట, కొడుకు శ్రద్ధగా విన్నందువల్ల, ఎన్నో ఇళ్ళకు ఉపయోగపడింది.

ఇది ఎలా పనిచేస్తుంది?

కరెంటు కుండలో లోపల బరువైన పింగాణీ పాత్ర ఉంటుంది. దాని చుట్టూ ఉన్న తీగ నెమ్మదిగా వేడెక్కుతుంది. 'లో' అని పెడితే ఏడెనిమిది గంటలకు, 'హై' అని పెడితే నాలుగైదు గంటలకు వంట పూర్తవుతుంది. రెండింటిలోనూ చివరకు చేరే వేడి దాదాపు ఒకటే. మరిగే స్థాయికి కొంచెం దిగువ. చేరడానికి పట్టే సమయమే తేడా.

ముదురు మాంసం, మెడ, కాళ్ళ ముక్కలు, నాటుకోడి గట్టిగా ఉండడానికి కారణం వాటిలోని నరాల్లాంటి జిగట పొరలు. పెద్ద మంటమీద త్వరగా ఉడికిస్తే కండ ఎండిపోతుంది గాని ఆ పొరలు కరగవు. సన్నని సెగమీద గంటలకొద్దీ ఉంటే అవి కరిగి పులుసులో కలిసి చిక్కదనం ఇస్తాయి. అందుకే ఈ కుండకు లేత మాంసం కంటే ముదురుదే మేలు.

కరెంటు ఖర్చు లెక్క కూడా చూడండి. కుక్కరు అడుగున ఎన్ని వాట్లో రాసి ఉంటుంది. 200 వాట్ల కుండ 8 గంటలు నడిస్తే 1,600, అంటే 1.6 యూనిట్లు. అంతకు మించదు.

మేము చేసిన రెండు పొరపాట్లు

మాకు మొదటి కుండ అమెరికానుండి వచ్చింది. బంధువులమ్మాయి సెలవులకు వస్తూ పెట్టెలో బట్టలమధ్య చుట్టి తెచ్చింది. ఎంతో సంబరంగా శనివారం రాత్రి మాంసం సర్ది ప్లగ్గు పెట్టాం. పావుగంటలో కమురు వాసన, ఆపైన పొగ. అక్కడి కరెంటు 120 వోల్టులు, మనది 230. దాదాపు రెట్టింపు వోల్టుల మీద పెడితే కుండలో వేడి దాదాపు నాలుగింతలవుతుంది. కుండ కాలిపోయింది. తప్పు మాదే. అడుగున రాసింది చదవలేదు. దేశం వెలుపలనుండి ఎవరు ఏ వస్తువు తెచ్చినా, దానిమీద '220-240' అని ఉందో లేదో చూసి గాని ప్లగ్గు పెట్టవద్దు.

రెండో కుండ మన దేశంలోనే కొన్నాం. నాలుగు వారాలు బాగా నడిచింది. ఐదో ఆదివారం మేము గుడిలో ఉండగా కరెంటు పోయింది. ఇంటికి వచ్చేసరికి కరెంటు ఉంది, కుండ గోరువెచ్చగా ఉంది. ఎంతసేపు ఆగిందో తెలియదు. కిలో మాంసం పారేయడానికి చేతులు రాలేదు. మళ్ళీ మరిగించి తిన్నాం. ఆ రాత్రి పిల్లలిద్దరికీ వాంతులు. ఆసుపత్రిలో సెలైను ఎక్కించుకుని మూడోనాటికి కోలుకున్నారు. దేవుని దయవల్ల గండం గడిచింది. అప్పుడే ఒక సంగతి నేర్చుకున్నాం. వండిన కూర గోరువెచ్చగా ఉండే వేడిలో క్రిములు త్వరగా పెరుగుతాయి. వాటిలో కొన్ని వదిలిన విషం తర్వాత ఎంత మరిగించినా పోదు. మనం ఇంట్లో లేనప్పుడు కరెంటు పోయి కుండ చల్లబడితే ఆ కూరను పారేయడమే. ఇంట్లో ఉన్నప్పుడు పోతే వెంటనే పొయ్యిమీదికి మార్చి పూర్తిచేయాలి. కిలో మాంసం కంటే పిల్లలు ఎక్కువ.

ఆ వారం మా యింటి ఇల్లాలు అంది: "ఏమండీ, కరెంటు లేకుండా మా అమ్మమ్మ దాలి నడిచేది కదా. మనకు ఆ బుద్ధి ఏమైంది?" ఆ ప్రశ్నతోనే మేము గడ్డిగంప దగ్గరికి వచ్చాం.

గడ్డిగంప

దీనికి కరెంటు అక్కరలేదు, నిప్పూ అక్కరలేదు. మరిగిన తపేలాలోని వేడిని బయటికి పోనివ్వకుండా పట్టి ఉంచడమే దీని పని. 1867లో పారిస్‌లో జరిగిన గొప్ప ప్రదర్శనలో నార్వే దేశస్థులు ఇలాంటి పెట్టెను చూపించారు. రెండో ప్రపంచయుద్ధ కాలంలో బ్రిటనులో వంటచెరకు, గ్యాసు ఆదా చేయడానికి ఇళ్ళలో గడ్డిపెట్టెలు వాడమని ప్రజలను ప్రోత్సహించారు. 2008లో దక్షిణాఫ్రికాలో సారా కాలిన్స్ అనే ఆమె, కరెంటు కోతలతో అల్లాడుతున్న ఇళ్ళకోసం, గుడ్డసంచి రూపంలో ఇదే పద్ధతిని మళ్ళీ తీసుకువచ్చారు.

మన పల్లెల్లో దీనికి కావలసినవన్నీ ఇంట్లోనే ఉన్నాయి.

ఒక పెద్ద వెదురు గంపగాని, చెక్కపెట్టెగాని తీసుకోండి. లోపల పాత గోనెసంచి పరచండి. బాగా ఎండిన శుభ్రమైన వరిగడ్డి అడుగున జానెడు మందం నొక్కి పరవండి. మధ్యలో తపేలా పెట్టి, దాని చుట్టూ ఖాళీ లేకుండా గడ్డి కూరండి. తపేలా తీస్తే గూడులాగా గుంట నిలవాలి. ఆ గుంటలో పాత నూలు చీర రెండు మడతలు వేస్తే గడ్డి వంటలో పడదు. పైన కప్పడానికి ఒక దిండుగుడ్డలో గడ్డి కుట్టి పెట్టుకోండి. దానిమీద పాత బొంత ఒకటి. అంతే.

వాడేటప్పుడు ఈ నియమాలు తప్పవద్దు:

తపేలా కనీసం మూడువంతుల్లో రెండువంతులు నిండి ఉండాలి. కొంచెం వంట త్వరగా చల్లారిపోతుంది. గట్టి మూత ఉండాలి.

వంట పొయ్యిమీద గలగలా మరుగుతుండగానే మూత పెట్టి, ఆ నిమిషంలోనే గంపలోకి దించాలి. కట్టెలపొయ్యి అయితే తపేలా అడుగున నిప్పురవ్వ అంటుకుని లేకుండా తడి మసిగుడ్డతో తుడవాలి. గంపలో నిప్పు పెట్టడం ఎన్నటికీ చేయరాదు. గంపను పొయ్యికి దూరంగా ఉంచాలి.

మధ్యలో తెరిచి చూడకూడదు. ఒకసారి తెరిస్తే పోయిన వేడి తిరిగిరాదు.

నాలుగు గంటలకు మించి ఉంచకూడదు. తీసినప్పుడు పాత్ర చెయ్యి పెట్టలేనంత వేడిగా ఉండాలి. గోరువెచ్చగా ఉంటే ఆ వంట తినవద్దు. వేడిగా ఉన్నా సరే, మళ్ళీ పొయ్యిమీద పది నిమిషాలు మరిగించిన తర్వాతే వడ్డించాలి.

గడ్డిని వారానికొకసారి ఎండలో వేయాలి. తడిసినా, ముక్కవాసన వచ్చినా మార్చేయాలి.

నాలుగు వంటలు

*గంపలో కందిపప్పు:* రెండు గ్లాసుల కందిపప్పు అరగంట నానబెట్టండి. ఆరు గ్లాసుల నీళ్ళు, పసుపు, చెంచా నూనె వేసి పొయ్యిమీద పదిహేను నిమిషాలు మరిగించి గంపలో పెట్టండి. రెండు గంటలకు పప్పుగుత్తికి లొంగేలా ఉడుకుతుంది. చింతపండు, టమాటా, మామిడికాయ మొదట వేయవద్దు. పులుపు తగిలితే పప్పు బిరుసెక్కుతుంది. ఉప్పు, పులుపు, తాలింపు అన్నీ చివర మరిగించేటప్పుడే. మీ ఊళ్ళో బోరు నీళ్ళు చవుడు అయితే పప్పు ఎంతకీ ఉడకదు. వర్షపు నీళ్ళుగాని, శుద్ధిచేసిన మంచినీళ్ళుగాని వాడి చూడండి. తేడా తెలుస్తుంది.

*గంపలో అన్నం:* మూడు గ్లాసుల బియ్యం అరగంట నానబెట్టాలి. ఇందులో ఆవిరి బయటికి పోదు గనుక గ్లాసుకు రెండు గ్లాసుల కంటే కొంచెం తక్కువ నీళ్ళు చాలు. ఐదు నిమిషాలు మరగనిచ్చి గంపలో పెడితే గంటలో అన్నం. గంజి వార్చే పని లేదు. అన్నాన్ని మాత్రం గంపలో ఎక్కువసేపు మరచిపోవద్దు. అన్నం త్వరగా పాడవుతుంది.

*ఆదివారపు మాంసం కూర:* పల్లెల్లో మాంసం ఆదివారం పొద్దున్నే కోస్తారు. ఏడింటికి తెచ్చినా చాలు. కిలో మాంసానికి నాలుగు ఉల్లిపాయలు నూనెలో ఎర్రగా వేయించి, అల్లం వెల్లుల్లి ముద్ద, పసుపు, కారం, ఉప్పు వేసి, మాంసం వేసి పచ్చివాసన పోయేదాకా కలపండి. ముక్కలు మునిగేలా నీళ్ళు పోసి అరగంట బాగా మరిగించండి. ఎనిమిదిన్నర, తొమ్మిదింటికి గంపలో పెట్టండి. మొదటి గంటకు మీ చేతులు ఖాళీ! పన్నెండున్నరకు వచ్చి పొయ్యిమీద పెట్టి పది నిమిషాలు మరిగించి, ధనియాలపొడి, మసాలా, కొత్తిమీర వేసి దించండి. గోంగూర వేయదలిస్తే విడిగా మగ్గించి ఉంచుకుని అప్పుడే కలపండి. కరెంటు కుండలో అయితే ఇదే తాలింపు, మాంసం వేసి అర గ్లాసు నీళ్ళే పోయండి. నీళ్ళు ఇగరవు గనుక ఎక్కువ పోస్తే పులుసు పలచనవుతుంది. 'హై'లో నాలుగైదు గంటలు. బంగాళాదుంపలు వేస్తే మాంసం కింద, అడుగున వేయండి. దుంప మాంసం కంటే ఆలస్యంగా ఉడుకుతుంది.

*కరెంటు కుండలో ఉలవచారు:* రెండు గ్లాసుల ఉలవలు రాళ్ళు ఏరి కడిగి ఎనిమిది గ్లాసుల నీళ్ళలో రాత్రంతా నాననివ్వండి. ఉదయం పొయ్యిమీద పదిహేను నిమిషాలు మరిగించి కుండలోకి మార్చి, 'లో'లో ఎనిమిదినుండి పది గంటలు ఉంచండి. నీళ్ళు వడగట్టి, నిమ్మకాయంత చింతపండు పులుసు, ఉప్పు, కారం వేసి పొయ్యిమీద చిక్కబడేదాకా కాచి, ఎండుమిరప, జీలకర్ర, కరివేపాకు తాలింపు పెట్టండి. పైన కాస్త మీగడ వేసుకుంటే ఇక చెప్పనక్కరలేదు. మిగిలిన ఉలవలు గుగ్గిళ్ళుగా పిల్లలకు పెట్టండి.

మరచిపోకూడని హెచ్చరికలు

రాజ్మా గింజలను పచ్చిగా కరెంటు కుండలోగాని గంపలోగాని ఎన్నడూ పెట్టవద్దు. ఆ గింజల్లో ఒక సహజమైన విషపదార్థం ఉంటుంది. మరిగే వేడిలోనే అది పోతుంది. సన్నని సెగలో పోదు సరికదా, ఇంకా ఎక్కువ కావచ్చు. రాత్రంతా నానబెట్టి, ఆ నీళ్ళు పారబోసి, కొత్త నీళ్ళలో అరగంట గలగలా మరిగించిన తర్వాతే నెమ్మది వంటలో పెట్టాలి.

ఫ్రిజ్జులో గడ్డకట్టిన మాంసాన్ని అలాగే కుండలో వేయవద్దు. పూర్తిగా కరిగిన తర్వాతే వేయాలి. కరెంటు కుండను సగానికి తక్కువగాని, మూడువంతుల్లో రెండువంతులకు మించిగాని నింపవద్దు. చల్లారిన కూరను అందులో వేడిచేయవద్దు. ఆ పని పొయ్యిది. వండినది రెండు గంటలకు మించి బయట ఉంచకండి.

దాలిగాని, బొగ్గుల కుంపటిగాని పెట్టుకునేవాళ్ళు ఆరుబయటే పెట్టుకోండి. తలుపులు మూసిన గదిలో నిప్పుల కుంపటి పెట్టి పడుకుంటే వాసన లేని విషవాయువు ప్రాణం తీస్తుంది. చలికాలంలో ఈ మాట ఇంట్లో అందరికీ చెప్పండి.

కుండ ఒక్కటే చాలదు

ఇంత రాసి, ఒక నిజం దాచడం న్యాయం కాదు. గంప తయారైన మొదటి ఆదివారం కూడా మా యింటి ఇల్లాలు గుడికి ఆలస్యంగానే వచ్చింది. గంప మంట దగ్గరి కాపలాను తప్పించింది గాని, ఉల్లిపాయలు తరగడం, వెల్లుల్లి ఒలవడం, మసాలా నూరడం, నీళ్ళు తేవడం, గిన్నెలు కడగడం తప్పించలేదు. అవన్నీ ఆమె రెండు చేతులమీదే ఉన్నాయి.

అప్పటినుండి శనివారం సాయంత్రం కుటుంబ ప్రార్థన కాగానే మా యింట్లో అందరం చుట్టూ కూర్చుంటాం. ఒకరు వెల్లుల్లి ఒలుస్తారు, ఒకరు పప్పు, బియ్యం ఏరుతారు, ఒకరు అల్లం నూరుతారు. ఆ నూరే పని మాలోని మగమనిషిదే. మొదట్లో రోలు దగ్గర కూర్చోవడానికి సిగ్గుపడ్డాం. పక్కింటివాళ్ళు చూసి నవ్వారు కూడా. ఇప్పుడు పక్కింట్లోనూ నూరుతున్నారు. ఆదివారం ఉదయం మాంసం తెచ్చేదీ, కడిగేదీ మగపిల్లలే.

మూడో ఆదివారం మొదటి గంట మోగేసరికి ఆమె చీర మార్చుకుని గుమ్మంలో నిలబడి ఉంది. మేమింకా చెప్పులు వెతుక్కుంటున్నాం. ఆ రోజు ఆమె వెనక వరుసలో కాక, మధ్యలో ఫ్యాను కింద కూర్చుంది. ఆరాధన అయ్యాక అమ్మగారు వచ్చి చెయ్యి పట్టుకుని, "ఏమ్మా, ఇవాళ ఇంట్లో వంట లేదా?" అని అడిగారు. "ఉందండీ, అదే ఉడుకుతోంది" అని ఆమె జవాబు చెప్పింది. అమ్మగారికి అర్థం కాలేదు. ఆ వారం స్త్రీల కూడికలో గంపను చూపించాల్సి వచ్చింది. ఇప్పుడు మా సంఘంలో పన్నెండు ఇళ్ళలో గడ్డిగంపలున్నాయి. నాట్ల రోజుల్లో పొద్దున్న ఎనిమిదింటికి పప్పు గంపలో పెట్టి చేలోకి వెళ్ళి, పన్నెండింటికి తిరిగి వస్తున్నవారూ ఉన్నారు.

ఆ ఆదివారం మధ్యాహ్నం భోజనాల దగ్గర మా చిన్నవాడు మళ్ళీ అడిగాడు, "అమ్మా, ఇవాళ నువ్వు చెప్పు." ఆమె చెప్పడం మొదలుపెట్టింది. పిల్లలు తినడం ఆపి వింటున్నారు. అయ్యగారు చెప్పినదానిలో మాకెవరికీ గుర్తులేని రెండు మూడు సంగతులు కూడా ఆమెకు గుర్తున్నాయి. ఆమె చెప్పడం అయ్యేసరికి కూర చల్లారిపోయింది. ఆ రోజు ఎవరూ ఏమీ అనలేదు.

ప్రియ పాఠకులారా, ఈ ఆదివారం మీ యింట రెండో గంటకు ఎవరు రాలేకపోతున్నారో ఒకసారి చూడండి. ఖరీదైన కుండ కొననక్కరలేదు. ఒక గంప, కాస్త వరిగడ్డి, శనివారం సాయంత్రం ఇంకో రెండు చేతులు చాలు.